బెండు నుండి నురుగు వరకు: తేలించే పదార్థాల చరిత్ర

ఈత నేర్చుకొనే పిల్లల నడుముకు ఎండిన సొరకాయ బుర్రలనో, జీలుగు బెండ్లనో కట్టి చెరువులో దింపడం మన పల్లెలలో చిరకాలంగా ఉన్న వాడుక. జాలరులు వలల పై అంచుకు బెండ్లు కడతారు. ఇవి తేలడానికి కారణం పాఠశాల విద్యార్థులకు తెలిసినదే. నీటిలో మునిగిన వస్తువుపై అది తొలగించిన నీటి బరువుకు సమానమైన బలం పైకి పనిచేస్తుందని ఆర్కిమెడీస్ సూత్రం చెబుతున్నది. బెండు బరువు స్వల్పం, అది తొలగించే నీటి బరువు అధికం. అందుచేత అది తాను తేలడమే కాక, తనకు కట్టిన మనిషినీ తేలుస్తుంది.

ఇంతవరకు చిక్కు లేదు. కాని తేలించే పదార్థానికి మరొక గుణం కూడా ఉండాలి. అది నీరు తాగకూడదు. మన తూర్పు తీరంలో కర్ర తెప్పలమీద వేటకు పోయే జాలరులు ఒడ్డు చేరగానే దుంగల కట్లు విప్పి ఇసుకమీద ఆరవేసేవారు. నానిన దుంగ బరువెక్కి లోతుగా కూర్చుంటుందని వారికి అనుభవంవల్ల తెలుసు. తేలడం ఒక క్షణంలో తేలిపోయే విషయం. నీరు తాగకుండా ఉండడం మాత్రం ఏళ్ల తరబడి జరిగే పరీక్ష. మూడు శతాబ్దాలకు పైగా శాస్త్రజ్ఞులు, పనివారు ఈ రెండవ గుణంకోసం పడిన పాట్లే ఈ వ్యాసంలోని విషయం. ఆ కథ ఒక చిన్న విహార నౌక పొట్టలో, తడిసి ముద్దయిన నురుగును గీకి తీసే పని దాకా వచ్చినది.

హుక్ చూచిన గదులు

బిరడాలు చేసే కార్కు చెట్టు బెరడు నీటిని ఎందుకు పీల్చదో మొదట వివరించినవాడు ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్. ఆయన పదునైన కత్తితో కార్కునుండి పలుచని పొర ఒకటి కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. తేనెపట్టును పోలిన చిన్నచిన్న గదులు కనబడినవి. 1665 లో వెలువరించిన ‘మైక్రోగ్రాఫియా’ గ్రంథంలో ఆయన వీటికి ‘సెల్’ అని పేరు పెట్టాడు. జీవశాస్త్రంలో మనం ‘కణం’ అంటున్న మాటకు మూలం ఇదే. ఒక ఘనపు అంగుళం కార్కులో అటువంటి గదులు 125 కోట్లకు పైగా ఉంటాయని ఆయన లెక్క కట్టాడు.

ఆ గదుల సంఖ్యకంటె మనకు ముఖ్యమైనది ఆయన చేసిన ఊహ. ప్రతి గదిలోను గాలి నిండి ఉన్నది, గదికి గదికి మధ్య దారి లేదు. కార్కు తేలికగా ఉండడానికీ, నీరు పీల్చకపోవడానికీ ఈ ఏర్పాటే కారణమని హుక్ వివరించాడు. స్పంజిలో కూడా గాలి ఉన్నది, కాని అక్కడ గదుల తలుపులు తెరచి ఉంటాయి, కార్కులో మూసి ఉంటాయి. ఈనాటి ఇంజనీర్లు నురుగు పదార్థాలను ‘మూసిన గదుల నురుగు’ అనీ, ‘తెరచిన గదుల నురుగు’ అనీ రెండు జాతులుగా విడదీస్తారు. ఆ విభజనకు బీజం హుక్ చేసిన వివరణలోనే ఉన్నది.

ప్రాణరక్షక నౌకలు

పద్దెనిమిదవ శతాబ్దం చివరన ఇంగ్లండులో మునగని పడవ కోసం ప్రయత్నాలు ఆరంభమైనవి. లండన్‌లో గుర్రపు బండ్లు తయారుచేసే లయొనెల్ లూకిన్ పడవ పక్కలలో గాలి గదులు, అంచులలో కార్కు అమర్చి 1785 లో పేటెంటు పొందాడు. 1789 లో టైన్ నది ముఖద్వారం వద్ద ‘అడ్వెంచర్’ అనే ఓడ తీరంలోని జనం చూస్తుండగానే ధ్వంసమైనది. అలల ఉధృతికి ఏ పడవా దానిని సమీపించలేకపోయినది. ఆ దుర్ఘటన తరువాత సౌత్ షీల్డ్స్ పట్టణవాసులు ప్రకటించిన బహుమతికోసం విలియం వుడ్‌హేవ్ మొదలైనవారు నమూనాలు సమర్పించారు. హెన్రీ గ్రేట్‌హెడ్ నిర్మించిన ‘ఒరిజినల్’ అనే పడవ 1790 జనవరిలో నీటిలో దిగినది. దానికి సుమారు 350 కిలోగ్రాముల కార్కు తొడిగారు.

కార్కును మనిషి ఒంటికి తొడిగే పని 1854 లో జరిగినది. బ్రిటిష్ ప్రాణరక్షక నౌకా సంస్థ పరీక్షాధికారి కెప్టెన్ వార్డ్ కార్కు ముక్కలను గుడ్డకు కుట్టి కవచంవంటి చొక్కా తయారుచేశాడు. అది బరువుగా ఉన్నదని చాలామంది నావికులు దానిని తొడగలేదు. 1861 ఫిబ్రవరిలో విట్బీ రేవు వద్ద తుఫానులో ఒక ప్రాణరక్షక నౌక బోల్తా పడినది. పదముగ్గురు సిబ్బందిలో పన్నెండుగురు మరణించారు. బ్రతికిన ఒక్కడు హెన్రీ ఫ్రీమన్. ఆ కొత్త చొక్కా తొడిగినవాడు అతడొక్కడే.

కనబడని చోట కలిగిన చేటు

కార్కు సహజ పదార్థం. ఎండకు, చెమ్మకు ఏళ్ల తరబడి గురియైతే పొడిపొడి అవుతుంది. గుడ్డ సంచిలో ఉన్నందున అది ఎవరి కంటా పడదు. దీని ఫలితం 1904 జూన్ 15 న న్యూయార్కులో కనబడినది. ‘జనరల్ స్లోకమ్’ అనే ఆవిరి నౌకలో ఒక చర్చికి చెందిన కుటుంబాలు విహారయాత్రకు బయలుదేరగా దారిలో నిప్పంటుకున్నది. ప్రయాణికులలో అధికభాగం స్త్రీలు, పిల్లలు. తల్లులు పిల్లలకు రక్షక చొక్కాలు తొడిగి నీటిలోకి దింపారు. ఆ చొక్కాలలో పదమూడేళ్లనాటి కార్కు అప్పటికే దుమ్మై ఉన్నది. గదులు చితికిన కార్కు మట్టివలె నీరు పీల్చుకొన్నది, తేల్చవలసిన చొక్కా ముంచినది. వెయ్యిమందికి పైగా మరణించారు. ఆ ఓడ రక్షణ సామగ్రి సక్రమంగా ఉన్నదని అంతకు కొద్ది వారాల క్రితమే తనిఖీ అధికారి ధ్రువపరచి ఉన్నాడు.

ఇందులో భౌతికశాస్త్ర రహస్యం స్పష్టమే. కార్కు పదార్థం మారలేదు, గదుల గోడలు మాత్రమే పోయినవి. తేలించే శక్తి పదార్థంలో లేదు. అది గోడలు కాపాడుతున్న గాలిలో ఉన్నది.

కార్కు తరువాత తెల్లబూరుగు దూది వచ్చినది. మైనపు పొరగల దాని బోలు నూగు తన బరువుకు ఎన్నో రెట్లు బరువును నీటిపై నిలుపుతుంది. రెండవ ప్రపంచయుద్ధంలో జపాను 1942 లో జావా ద్వీపాన్ని ఆక్రమించడంతో అమెరికాకు ఈ దూది రాక నిలిచిపోయినది. అప్పుడు అమెరికా బడిపిల్లలు పొలం గట్లమీద ‘మిల్క్‌వీడ్’ కాయలు ఏరి సంచులకు ఎత్తారు. ఇది మన జిల్లేడు కుటుంబానికి చెందిన మొక్క. కాయ పగిలితే జిల్లేడు దూదివంటి నూగు ఎగురుతుంది. ఆ నూగుతో రక్షక చొక్కాలు నింపారు. అయితే దూదిరకం పదార్థాలకు ఒక లోపం ఉన్నది. ఎక్కువగా నలిగినా, నూనె తగిలినా అవి నీటిని ఆపలేవు.

రసాయనశాస్త్రం కట్టిన గదులు

ప్రకృతి కట్టిన గదులకు బదులు మనిషే గదులు కట్టగలడా? స్వీడనుకు చెందిన కార్ల్ మంటర్స్ మొదలైనవారు 1930 ప్రాంతంలో పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌ను బుడగలతో ఉబ్బించే పద్ధతి కనుగొన్నారు. 1941 లో అమెరికాలోని డౌ కంపెనీలో రే మెకింటైర్ మరొక పదార్థంకోసం ప్రయత్నిస్తూ యాదృచ్ఛికంగా ఇటువంటి నురుగునే పొందాడు. మరుసటి సంవత్సరం అమెరికా తీరరక్షక దళం దానిని ప్రాణరక్షక తెప్పలలో ఉపయోగించినది. మనం ‘థర్మోకోల్’ అని పిలిచేది ఈ జాతి పదార్థమే.

జర్మనీలో ఒట్టో బేయర్, ఆయన సహచరులు 1937 లో పాలియూరిథేన్ రసాయనాన్ని కనిపెట్టారు. ఇందులో రెండు ద్రవాలు కలిసి గట్టిపడతాయి. వాటిలో ఒకటైన ఐసోసయనేటుకు కొంచెం నీరు తగిలితే కార్బన్ డయాక్సైడు వాయువు పుడుతుంది. ఆ వాయువువల్ల పదార్థం నిండా బుడగలు ఏర్పడతాయి. మొదట్లో ఈ బుడగలను దోషంగా భావించారు. రంధ్రాలున్న జున్నుకు నకలు చేయడానికి తప్ప ఇది పనికిరాదని పరీక్షకులు హేళన చేశారట. ఆ దోషమే తరువాత దాని గొప్ప గుణమైనది.

పడవలకు పాలియూరిథేన్ మరింత అనువైనది. పెట్రోలు తగిలితే పాలిస్టైరీన్ కరిగిపోతుంది, పాలియూరిథేన్ దానికి చాలావరకు తట్టుకొంటుంది. పైగా ద్రవరూపంలో పోస్తే ఎటువంటి మూలలోనైనా ఉబ్బి నిండుతుంది. రిచర్డ్ ఫిషర్ అనే అమెరికను రెండు గాజునార పెంకుల మధ్య నురుగు నింపిన 13 అడుగుల పడవను 1958 లో ‘బోస్టన్ వేలర్’ పేరుతో అమ్మకానికి తెచ్చాడు. 1961 లో ‘లైఫ్’ పత్రిక ప్రచురించిన ఛాయాచిత్రాలలో ఆ పడవను రంపంతో రెండుగా కోస్తారు. మోటారు ఉన్న సగం మునగకుండా సాగిపోతుంది. మునగని పడవ అనే మాటకు ఇంతకు మించిన ప్రదర్శన మరొకటి ఉండదు.

నిలబడి నడిపే జెట్ స్కీ

ఇదే కాలంలో క్లేటన్ జేకబ్సన్ అనే అమెరికను మోటారు సైకిలు పందెగాడు నీటిమీద నడిచే మోటారు సైకిలు కావాలని తలచాడు. పడవ అడుగునుండి నీటిని పంపు పీల్చి వెనుకకు వేగంగా చిమ్ముతుంది. ఆ ప్రతిచర్యవల్ల పడవ ముందుకు దూకుతుంది. ఇక్కడ పనిచేసేది న్యూటన్ మూడవ సూత్రమే. బొంబార్డియర్ కంపెనీ 1968 లో కూర్చొని నడిపే రకాన్ని తెచ్చినది కాని అప్పుడది నిలువలేదు. జపానుకు చెందిన కవాసాకీ కంపెనీ 1973 లో నిలబడి నడిపే రకాన్ని ‘జెట్ స్కీ’ పేరుతో అమ్మినది. 1990 లో యమహా కంపెనీ ‘సూపర్ జెట్’ అనే మరొకదానిని తెచ్చినది.

ఈ పడవ తొలి రకాలు సుమారు నూరు కిలోల బరువు కలవి. నడిపేవాడు మాటిమాటికి నీటిలో పడుతుంటాడు, పడవ బోల్తా పడుతుంటుంది, ఇంజను గదిలో నీరు చేరుతుంది. కాబట్టి లోపల నీరు నిండినా మునగకుండా ముందు భాగంలోను, పక్కలలోను, నిలబడే పళ్లెం కిందను పాలియూరిథేన్ నురుగు నింపుతారు. ఈ నురుగు ఘనమీటరుకు సుమారు 32 కిలోలు మాత్రమే తూగుతుంది. అనగా నీటిలో ముప్పదవ వంతు బరువు.

ఇటువంటి పడవలలో పాతబడినవాటిని తూచితే కొన్ని కొత్తప్పటికంటె ఎంతో బరువుంటాయి. పెంకులో చీలిక కనబడదు, లోపల నీళ్లూ ఉండవు. ఆ బరువు ఎక్కడనుండి వచ్చినది? నురుగు నీరు తాగినది.

నురుగు ఎట్లా తాగుతుంది?

మూసిన గదుల నురుగులో కూడా గదులన్నీ మూసి ఉండవు. కొన్ని తయారీలోనే చిట్లి ఉంటాయి. ఇంజను అదురుకు, అలల తాకిడికి మరికొన్ని గోడలు పగులుతాయి. చలి దేశాలలో శీతకాలంలో గదిలోని నీరు మంచుగా మారి సుమారు 9 శాతం వ్యాకోచించి పక్క గోడను పగులగొడుతుంది.

అయితే నీరు పెంకు దాటి నురుగును చేరేది ఎట్లా? బోల్టు రంధ్రం, రెండు పెంకులు అతికిన అంచు, కంటికి ఆనని పగులు, ఇవే దారులు. అక్కడ నీటిని లోపలికి లాగే పంపు కూడా ఒకటి ఉన్నది. ఒడ్డున ఎండలో ఉన్న పడవలోని గాలి 47 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి వచ్చినదనుకొందాం. అనగా 320 కెల్విన్లు. దానిని 20 డిగ్రీల నీటిలోకి తోస్తే ఉష్ణోగ్రత 293 కెల్విన్లకు దిగుతుంది. గాలి మూసి ఉన్నందున ఒత్తిడి కూడా అదే నిష్పత్తిలో తగ్గాలి. తగ్గుదల 27/320 వంతు, అంటే వాతావరణపు ఒత్తిడిలో ఎనిమిది శాతానికి పైమాటే. ఇది సుమారు 87 సెంటీమీటర్ల ఎత్తుగల నీటి స్తంభానికి సమానం. సూదిమొన అంత రంధ్రం ఉంటే చాలు, ఆ ఒత్తిడి తేడా నీటిని లోనికి లాగుతుంది. ప్రతి విహారానికి కొన్ని చుక్కలైనా సంవత్సరాలలో అవి లీటర్లవుతాయి.

నష్టం ఎంతో లెక్కవేద్దాం. 60 లీటర్ల నురుగు బరువు 2 కిలోల లోపే. పూర్తిగా మునిగినప్పుడు అది 60 కిలోల నీటిని తొలగించి 58 కిలోల బరువును తేల్చగలదు. అందులో సగం గదులు నీటితో నిండితే 30 కిలోల బరువు పెరుగుతుంది, తేల్చే శక్తి 28 కిలోలకు పడిపోతుంది. మామూలుగా నడిచేటప్పుడు పడవ మందగించడమే కనబడుతుంది. ఇంజను గదిలో నీరు నిండిన రోజున మాత్రం తేలుతుందనుకొన్న పడవ మునుగుతుంది.

తీయడం ఎట్లా?

ఎండలో పెడితే ఆరిపోదా అని అడగవచ్చును. ఆరదు. గదినుండి గదికి తేమ వ్యాపనంద్వారానే బయటకు రావాలి. వ్యాపనానికి పట్టే కాలం మందంయొక్క వర్గాన్నిబట్టి పెరుగుతుంది. ఒక సెంటీమీటరు మందం ఆరడానికి ఒక రోజు పడితే పది సెంటీమీటర్ల మందానికి నూరు రోజులు పడుతుంది. ఒక్క పక్క తప్ప అన్ని పక్కలా పెంకు మూసి ఉంటే ఇంకా ఆలస్యం. వేడి ఎక్కువ పెడితే పెంకు, నురుగు రెండూ చెడతాయి. అందుచేత తడిసిన నురుగును తీసివేయడమే మార్గం.

పనివారు మొదట పడవను తూస్తారు. తరువాత నురుగులో అక్కడక్కడ సన్నని రంధ్రాలు తొలిచి తడి ఎక్కడిదాకా ఉన్నదో చూస్తారు. ఇంజను, పంపు విప్పి, నిలబడే పళ్లెంలో కిటికీవలె ఒక ముక్క కోసి తీస్తారు, లేదా లోపలి పక్కనుండి పని సాగిస్తారు. పొడవాటి కత్తితో, చేతి రంపంతో నురుగును దిమ్మెలుగా కోసి లాగుతారు. మిగిలినదానిని ఉలితోను, గీకుడు పారతోను, చివర తీగ కుంచెతోను పెంకుదాకా గీకుతారు. పెంకు గాజునారతో చేసిన పలుచని వస్తువు. తొందరపడితే ఉలి దానిని దాటిపోతుంది. సులువు మార్గాలని తోచేవి ఇక్కడ ప్రమాదకరం. ద్రావకాలు పోస్తే నురుగుతోపాటు పెంకులోని జిగురు కూడా దెబ్బతినవచ్చును. నిప్పు పెడితే పాలియూరిథేన్ నుండి కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సయనైడు అనే విషవాయువులు వెలువడతాయి. గీకేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు కనుక ముఖానికి ముసుగు, కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు తప్పవు.

నురుగు తీసిన తరువాత పెంకును కడిగి, నీడలో గాలి ఆడేచోట ఉంచి, రోజూ తూస్తారు. బరువు తగ్గడం ఆగిపోతే ఆరినట్లు. రసాయనశాలలో స్ఫటికాలను ఆరబెట్టి స్థిరమైన బరువు వచ్చేదాకా తూచే పద్ధతి ఇదే. తరువాత నీరు వచ్చిన దారులన్నీ వెదకి రెజిన్‌తో మూయాలి. ఇది చేయకుండా కొత్త నురుగు పోస్తే శ్రమ వృథా.

కొత్త నురుగు పోసేటప్పుడు రెండు ద్రవాలను కొంచెం కొంచెంగా కలిపి విడతలుగా పోయాలి. ఈ చర్యలో వేడి పుడుతుంది. నురుగు ఉష్ణబంధకం కనుక ఆ వేడి బయటకు పోదు. ఒక్కసారే ఎక్కువ పోస్తే లోపల మాడిపోవచ్చును, ఉబ్బే ఒత్తిడికి పెంకు వంగవచ్చును. ఐసోసయనేటు ఆవిరి ఊపిరికి హానికరం. ఈ చిక్కులెందుకని కొందరు మూసిన గదుల పాలిఎథిలీన్ దిమ్మెలను పేర్చి, వాటి అడుగున నీరు జారిపోయే దారి వదులుతారు. ఈ ఏర్పాటులో ఒక మేలు ఉన్నది: వాటిని ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చూడవచ్చును. పందేలలో బరువు తగ్గుతుందని నురుగు తీసి ఏమీ నింపకుండా వదిలేవారు కూడా ఉన్నారు. ఆ పడవలో నీరు నిండితే తేల్చేది ఏదీ ఉండదు.

తరగతిలో ఒక ప్రయోగం

ఈ విషయాన్ని ఉపాధ్యాయులు ఖర్చు లేకుండా చూపవచ్చును. ఒకే పరిమాణంగల థర్మోకోల్ ముక్కలు రెండు, స్పంజి ముక్క ఒకటి, జీలుగు బెండు ముక్క ఒకటి తీసుకోవాలి. థర్మోకోల్ ముక్కలలో ఒకదానిని సన్నని సూదితో వందసార్లు పొడవాలి. నాలుగింటిని తూచి, రాళ్లు కట్టి బకెట్టు నీటిలో ముంచి ఉంచాలి. వారానికి ఒకసారి తీసి, పైతడి తుడిచి తూచి, ఫలితాలను గ్రాఫుగా గీయించాలి. స్పంజి గీత మొదటి రోజే నిలువుగా లేస్తుంది. మిగిలిన మూడు గీతలు ఏ వాలులో పోతాయో విద్యార్థులు ముందుగా ఊహించి వ్రాసుకొని, రెండు నెలల తరువాత సరిచూచుకోవాలి. ఆ తరువాత ముక్కలను నీడలో ఆరబెట్టి, తాగిన నీటిని వదలడానికి ఏది ఎన్ని రోజులు తీసుకొన్నదో కూడా తూచి చూడాలి.

ఆంధ్ర తీరంలో ఇటీవలి దశాబ్దాలలో కర్ర తెప్పల స్థానంలో ఫైబరు పడవలు వచ్చినవి. లోపల నురుగు నింపినవి కూడా వాటిలో ఉన్నవి. కర్ర దుంగ నానితే ఎత్తిన చేతికి తెలుస్తుంది, విప్పి ఆరవేయవచ్చును. పెంకులో మూసిన నురుగు నానితే ఎవరికీ తెలియదు. కనుక కొత్త పడవ బరువును మొదటి రోజే వ్రాసి ఉంచి, ఏటేటా తూచి చూడడం అవసరం. ‘జనరల్ స్లోకమ్’ చొక్కాలను కంటితో చూచి సరేనన్నారు. వాటిలో ఒక్కదానినైనా నీటిలో వేసి, ఎంత బరువును తేలుస్తున్నదో పరీక్షించి ఉంటే ఆ సంగతి ముందే బయటపడేది.